బిస్కెట్ డబ్బా మీద ఉబ్బెత్తు ముగ్గు: రబ్బరు స్టాంపుతో పండగ టిన్నులు

పండక్కి ఎవరింటికైనా స్వీట్లు పంపిస్తే, అవి రెండ్రోజుల్లో అయిపోతాయి. డబ్బా మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. మా అమ్మ సూదులూ దారాలూ గుండీలూ దాచుకునే నీలం రంగు బటర్ కుకీల డబ్బా ఒకటుంది. ఆ కుకీలు ఎప్పుడు తిన్నామో ఎవరికీ గుర్తు లేదు గానీ, డబ్బా మాత్రం నేను బడికి వెళ్ళే రోజుల నుంచీ అదే అరలో ఉంది. పండగ డబ్బా చేయడానికి కూర్చున్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. మనం వేసే బొమ్మ కూడా అన్నేళ్ళూ చేతులు తగిలినా చెరగకుండా ఉండాలి. కింద చెప్పిన ప్రతి పనీ అందుకోసమే.

ఈ పద్ధతి పేరు హీట్ ఎంబాసింగ్. రబ్బరు స్టాంపుతో మూత మీద జిగటగా ఉండే ఇంకు ముద్ర వేస్తాం. ఆ తడి ఆరకముందే ఎంబాసింగ్ పౌడర్ చల్లుతాం. వేడి తగలగానే పొడి కరిగి, చల్లారాక గీతలన్నీ పైకి లేచి ఎనామిల్ పెయింటులా మెరుస్తాయి. కాగితం మీద ఇది పది నిమిషాల పని. రేకు అలా మాట వినదు. ఇంకును పీల్చుకోదు, స్టాంపును జారనిస్తుంది, వేడిని ఒక చోట నిలవనివ్వదు. ఈ మూడింటినీ పట్టుకుంటే మిగతాదంతా తేలికే.

రేకు మీద బొమ్మ దింపడం ఒకప్పుడు ప్రెస్సుల వాళ్ళకి కూడా పెద్ద సమస్యే. రాతి అచ్చు నుంచి నేరుగా గట్టి రేకు మీదకి ఇంకు సరిగ్గా దిగదు. 1875లో ఇంగ్లండులో రాబర్ట్ బార్‌క్లే పేటెంటు తీసుకున్న ఆఫ్‌సెట్ పద్ధతి మొదట పుట్టింది రేకు కోసమే. బొమ్మను ముందు వేరే ఉపరితలం మీదకి ఎక్కించి, అక్కడి నుంచి రేకు మీదకి దింపారు. తర్వాత్తర్వాత ఆ మధ్య ఉపరితలం రబ్బరు అయింది. గట్టి రేకు మీదకి ఇంకు మెత్తని రబ్బరు ద్వారా దిగాలన్న ఆ కిటుకునే మనం ఇంట్లో చేత్తో చేస్తున్నాం.

డబ్బా ఎంచుకోవడం

ముందు మీ అటక మీద వెతకండి. మూత చదునుగా ఉన్న ఏ బిస్కెట్ టిన్ను అయినా పనికొస్తుంది. మూత మీద కంపెనీ పేరు ఉబ్బి ఉంటే పక్కన పెట్టేయండి, దాని మీద స్టాంపు ఆనదు. మూతకి ప్లాస్టిక్ కిటికీ ఉన్నవి అసలు వద్దు, వేడికి ముడుచుకుపోతాయి. కొత్తవి కావాలంటే హైదరాబాద్ బేగంబజార్, విజయవాడ వన్‌టౌన్ లాంటి హోల్‌సేల్ బజార్లలో ప్యాకింగ్ సామాను అమ్మే దుకాణాల్లో సాదా టిన్నులు అడగండి. మొదటిసారికి గుండ్రటి డబ్బా, పదిహేను సెంటీమీటర్ల వెడల్పు మూత ఉన్నది తీసుకుంటే మంచిది. అంతకన్నా పెద్ద మూతను సమంగా వేడి చేయడానికి కొంచెం చెయ్యి తిరగాలి.

అయస్కాంతం అంటుకుంటే అది ఉక్కు రేకు, పైన పలచగా తగరం పూత. ఆ పూత ఎంత పలచనంటే, నాలుగు రుద్దులకే పోతుంది. అందుకే వెండిలా మెరిసే సాదా టిన్నును సాండ్ పేపర్‌తో గీకొద్దు. గీకితే అడుగున ఉన్న ఉక్కు బయటపడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో అయితే ఆ గీతలు త్వరలోనే తుప్పు చారలవుతాయి. సాదా టిన్నును శుభ్రం చేసి వాడుకోవడమే. ముందే బొమ్మలు అచ్చయి ఉన్న మూతను మాత్రం 400 నంబరు సాండ్ పేపర్‌తో మెరుపు పోయేంత వరకు తేలిగ్గా రుద్ది, తుడిచి, స్ప్రే పెయింటు కొట్టండి. పెయింటు కొట్టాక కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు ఆరనివ్వాలి. పైకి ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగా ఉంటే, వేడి తగలగానే బుడగలు లేస్తాయి. క్రిస్మస్‌కి ఇవ్వాలనుకుంటే డిసెంబరు 20 నాటికైనా పెయింటు పని అయిపోవాలి.

రంగు విషయంలో నా మాట వింటే ఇటుక ఎరుపు కొట్టండి. దాని మీద తెల్ల పౌడర్‌తో వేసిన ముద్ర, జాజు పూసిన అరుగు మీద వేసిన ముగ్గులా ఉంటుంది. బంగారు రంగు పౌడర్ ఎవరైనా వాడతారు. ఈ ఎరుపూ తెలుపూ చూస్తే మాత్రం మన వాకిలి గుర్తొస్తుంది.

స్టాంపు

దుకాణాల్లో దొరికే క్రాఫ్ట్ స్టాంపుల్లో గంటలు, మంచు రేణువులు, క్రిస్మస్ చెట్లు చాలా ఉంటాయి. వాడుకోవచ్చు. కానీ మీకంటూ ఒక స్టాంపు చేయించుకుంటే ఆ ఆనందమే వేరు. ఏ ఊళ్ళోనైనా కోర్టు దగ్గరో, కలెక్టరేట్ ఎదురుగానో, జెరాక్స్ షాపుల వరసలో రబ్బరు స్టాంపులు చేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళు రోజూ సంతకాల కింద పడే గుండ్రటి సీళ్ళు చేస్తుంటారు. అదే మనిషికి మీ ముగ్గు ఇవ్వండి. నేను మొదటిసారి మా అమ్మ వేసిన ముగ్గు కాగితం తీసుకెళ్తే, ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఆఫీసు పేరు ఎక్కడ రాయాలమ్మా?" అని అడిగారు. పేరేమీ లేదు, ముగ్గే కావాలి అన్నాక చాలా శ్రద్ధగా చేసిచ్చారు.

ముగ్గు ఇలా గీసుకోండి. మధ్య వరసలో ఐదు చుక్కలు. పైనా కిందా సందు చుక్కలతో మూడు వచ్చేదాకా. మొత్తం ఆరు మూలలు వస్తాయి. మూల విడిచి మూల కలిపితే ఒక త్రికోణం, మిగిలిన మూడూ కలిపితే ఇంకో త్రికోణం, రెండూ కలిస్తే నక్షత్రం. క్రిస్మస్ ఇళ్ళ మీద నక్షత్రాలు వేలాడేదీ, వాకిళ్ళలో ధనుర్మాసపు ముగ్గులు పడేదీ ఒకే కాలం కదా. ఈ ఒక్క స్టాంపు డిసెంబరులో గులాబీ పువ్వులు నింపిన డబ్బాకీ, జనవరిలో అరిసెలు నింపిన డబ్బాకీ సరిపోతుంది.

గీతలు నల్ల స్కెచ్ పెన్నుతో గీయండి. ఏ గీతా మిల్లీమీటరు కంటే సన్నగా ఉండకూడదు. పొడి కరిగినప్పుడు కొంచెం వ్యాపిస్తుంది కాబట్టి రెండు గీతల మధ్య కూడా అంత ఖాళీ ఉండాలి. ఐదు సెంటీమీటర్ల సైజు చాలు. షాపులో ఈ సంగతులు గట్టిగా చెప్పండి: ఇంకు లోపలే నింపి ఉండే రకం వద్దు, చెక్క పిడి ఉన్న మామూలు స్టాంపు కావాలి, గీతల మధ్య లోతు బాగా ఉండాలి. ఇంకు లోపల ఉండే రకంలో మనకి కావలసిన ఇంకు వాడలేం.

మిగతా సామాను

ఎంబాసింగ్ ఇంకు ప్యాడ్ కావాలి. రంగు లేకుండా జిగటగా ఉండే వెర్సామార్క్ లాంటిది, లేదా నెమ్మదిగా ఆరే పిగ్మెంట్ ఇంకు. ఆఫీసుల్లో వాడే నీలం ప్యాడ్ రేకు మీద పనికిరాదు. దాని ఇంకు నీటి చుక్కల్లా విడిపోయి ముడుచుకుంటుంది. రేకు, గాజు మీద నిలిచే స్టేజాన్ లాంటి ఇంకులు కూడా ఈ పనికి వద్దు, అవి మరీ త్వరగా ఆరిపోతాయి, పొడి అంటుకునే వ్యవధి ఇవ్వవు. ఎంబాసింగ్ పౌడర్ చిన్న సీసా ఒకటి తెచ్చుకుంటే చాలా మూతలకి వస్తుంది. మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్, కొంచెం దూది, టాల్కం పౌడర్, సన్నని పెయింటింగ్ బ్రష్షు, పటకారు, రెండు ఇటుకలు. ఇక హీట్ గన్. క్రాఫ్ట్ పనికి అమ్మే చిన్నదైనా సరే, హార్డ్‌వేర్ షాపులో పెయింటు ఊడదీయడానికి అమ్మే పెద్దదైనా సరే. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో కాదు. దాని గాలి ఎక్కువ, వేడి తక్కువ. పొడి కరగడం మాట అటుంచి, ఇల్లంతా ఎగురుతుంది.

ముద్ర వేయడం

ముందు ఫ్యాను ఆపండి. ఇది మొదటి మెట్టు అని రాసిపెట్టుకోండి. నా మొదటి డబ్బా ఫ్యాను వల్లే పాడైంది. చల్లిన బంగారు పొడి సగం మూత మీద, సగం పక్కన మడతపెట్టి ఉన్న బట్టల మీద పడింది.

మూతను గిన్నెల సబ్బుతో కడిగి పూర్తిగా తుడవండి. తర్వాత దూది స్పిరిట్‌లో ముంచి ఒకే దిశలో తుడవండి. వేలి ముద్రల్లో ఉండే నూనె కంటికి కనిపించదు గానీ, అది ఉన్న చోట ఇంకు అంటదు. తుడిచాక మూతను అంచుల దగ్గరే పట్టుకోవాలి. స్పిరిట్ మంటను ఇట్టే అందుకుంటుంది కాబట్టి సీసాకి మూత బిగించి వేరే గదిలో పెట్టి రండి. పూర్తిగా ఆరిందని తెలిశాకే ముందుకు.

చిటికెడు టాల్కం పౌడర్‌ని పలచని నూలు గుడ్డలో మూట కట్టి మూత మీద ఒకసారి తేలిగ్గా ఆడించండి. డిసెంబరులో తేమ లేని గాలికి, ముఖ్యంగా పెయింటు కొట్టిన మూత మీద, ఎంబాసింగ్ పొడి అవసరం లేని చోట కూడా చిన్న చిన్న చుక్కలుగా పట్టుకుంటుంది. టాల్కం రాస్తే ఆ బాధ చాలావరకు పోతుంది. తెల్లగా కనిపించేంత రాయొద్దు. రాసినట్టు తెలియకూడదు.

ఇప్పుడు స్టాంపు. ప్యాడ్ మీద స్టాంపును గట్టిగా నొక్కకుండా నాలుగైదుసార్లు తట్టండి. గీతల మధ్య గుంటల్లో ఇంకు చేరకూడదు. మూతకి అంచు ఉండడం వల్ల బోర్లించి పెడితే మధ్యభాగం గాల్లో ఉంటుంది. నొక్కినప్పుడు కిందికి లొంగి, ముద్ర మధ్యలో తేలిపోతుంది. లోపల పట్టేంత మందాన పాత పుస్తకమో, మడిచిన గుడ్డో పెట్టండి. స్టాంపును నిటారుగా దించి, ఊపకుండా, రెండు చేతుల బరువు సమంగా వేసి మూడు అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ నిటారుగా పైకి ఎత్తండి. కాగితం మీద అలవాటైన వాళ్ళు స్టాంపును అటూ ఇటూ ఊపుతారు. రేకు మీద అలా ఊపితే నక్షత్రానికి రెండు తోకలు వస్తాయి. జారిందా, కంగారు పడొద్దు. స్పిరిట్‌తో తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి. పొడి కరగనంత వరకు ఏ తప్పునైనా దిద్దుకోవచ్చు.

డబ్బా పక్క గోడ మీద వేయాలంటే స్టాంపును కదపకూడదు, డబ్బానే కదపాలి. స్టాంపును ముఖం పైకి ఉండేలా టేబుల్‌కి టేపుతో అంటించి, ఇంకు పూసి, డబ్బాను పడుకోబెట్టి దాని మీదుగా చపాతీ కర్రలా ఒక్కసారి దొర్లించండి. వెనక్కి దొర్లించొద్దు.

ముద్ర పడిన వెంటనే కింద కాగితం పరిచి, పొడి ధారాళంగా పోయండి. పొదుపు చేయొద్దు, ఎందుకంటే మిగిలింది మళ్ళీ సీసాలోకే పోతుంది. మూతను వంచి, వెనక వేలితో రెండుసార్లు తడితే అదనపు పొడి రాలిపోతుంది. వెలుతురుకి పట్టి చూడండి. గీతలన్నీ పంచదార అద్దినట్టు కనిపించాలి. ఎక్కడైనా దూరంగా చుక్కలు పట్టి ఉంటే పొడి బ్రష్షుతో ఒక్కొక్కటే తీసేయండి. ఇక్కడ పెట్టే ఐదు నిమిషాలు డబ్బా మొహాన్నే మార్చేస్తాయి, ఎందుకంటే కరిగాక ఆ చుక్కలు ఇక ఊడిరావు.

వేడి చేయడం

అందరూ తొందరపడేది ఇక్కడే. కాగితం మీదైతే గన్ పెట్టిన చోటే పొడి కరుగుతుంది. రేకు అలా కాదు. వేడిని మూతంతా పంచేస్తుంది. అందుకని అర నిమిషం, కొన్నిసార్లు నిమిషం దాకా ఏమీ జరగనట్టే ఉంటుంది. పని చేయడం లేదేమోనని గన్‌ని దగ్గరికి తెస్తాం, పై నుంచి ఊదుతాం, పొడి చెదిరిపోతుంది. వద్దు. ఓపిక పట్టండి.

కిటికీ తెరిచి, గాలి నేరుగా తగలని చోట రెండు ఇటుకల్ని దూరంగా పెట్టి, వాటి మీద మూతను వంతెనలా ఉంచండి. అంచులు మాత్రమే ఇటుకల మీద ఆనాలి. వేడి గాలి కింద నుంచి, రేకు లోపలి వైపుకి తగలాలి. చిన్న గన్ అయితే పది సెంటీమీటర్ల దూరం, హార్డ్‌వేర్ గన్ అయితే తక్కువ వేడి మీద పెట్టి కనీసం ఇరవై సెంటీమీటర్లు. ఒకే చోట నిలపకుండా గుండ్రంగా తిప్పుతూ ఉండండి.

ఇప్పుడు కళ్ళు పొడి మీదే ఉండాలి. ముందు మసకగా, గరుకుగా ఉన్న గీత ఒక అంచున కొంచెం ముదురు రంగుకి తిరుగుతుంది. తర్వాత ఆ అంచు తడిగా మెరుస్తుంది. అక్కడి నుంచి మెరుపు గీత వెంట పాకుతూ పోతుంది. అప్పటిదాకా మొండికేసిన మూత, ఇప్పుడు కొద్ది సెకన్లలో నక్షత్రం మొత్తాన్ని వెలిగిస్తుంది. అరిసెల పాకం చూసిన వాళ్ళకి ఈ క్షణం బాగా తెలుసు. ఉండ కట్టే పాకం వచ్చాక ఇంకొక్క నిమిషం ఉంచితే చెయ్యి దాటిపోతుంది. ఇదీ అంతే. ఆఖరి గీత మెరవగానే గన్ ఆపేయండి. రేకులో ఉన్న వేడి మిగిలిన పని తనే చేస్తుంది. ఇంకా కాలిస్తే పొడి పలచబడి, ఉబ్బు దిగిపోయి, గీత నూనె మరకలా అవుతుంది. తెల్ల పౌడర్ అయితే పచ్చబడుతుంది. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి, పెద్ద గన్‌తో ఒకే చోట కాల్చినా రేకు మెరుపు పాడైపోతుంది.

మూత చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, కానీ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పటకారుతో కూడా కదపకుండా పదిహేను నిమిషాలు అలాగే వదిలేయండి. పిల్లలు పక్కనే ఉంటే ముద్ర వేసే పని వాళ్ళకివ్వండి, చాలా ఇష్టంగా చేస్తారు. వేడి పని మాత్రం మీదే.

హీట్ గన్ లేకపోతే పాత పెనంతో కూడా చేయొచ్చు. రొట్టెలు కాల్చే పెనం కాకుండా, వంటకి వాడనిది తీసుకోండి. సన్నని సెగ మీద రెండు మూడు నిమిషాలు వేడెక్కించి, స్టవ్ ఆపేసి, అప్పుడు పటకారుతో మూతను దాని మీద దించండి. బోర్లించిన మూత అంచులే పెనానికి తగులుతాయి కాబట్టి ఆలస్యంగా కరుగుతుంది. చదునైన రేకు ముక్కలకి ఈ పద్ధతి ఇంకా బాగా కుదురుతుంది.

కొన్ని గీతలు సరిగ్గా లేవలేదనుకోండి. మూత పూర్తిగా చల్లారాక ఆ గీతల మీద ఎంబాసింగ్ ఇంకును సన్నని బ్రష్షుతో పూసి, మళ్ళీ పొడి చల్లి, మళ్ళీ వేడి చేయండి. మొత్తం ముద్ర మీద రెండోసారి స్టాంపు వేయాలని చూడకండి, ఎంత జాగ్రత్తగా పెట్టినా సరిగ్గా కూర్చోదు.

రేకునే ఉబ్బించాలంటే

పొడితో కాకుండా లోహాన్నే పైకి లేపాలనుకునే వాళ్ళకి ఇంకో దారి ఉంది. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకుని లక్క లాంటి మెత్తని దిమ్మ మీద పెట్టి, వెనక నుంచి కొట్టి బొమ్మలు లేపుతారు. ఆ నైపుణ్యం ఏళ్ళ సాధనతో వచ్చేది. కానీ దాని సూత్రాన్ని పలచని రేకుతో మనం ఇంట్లో వాడుకోవచ్చు. 0.1 మిల్లీమీటరు మందం ఉన్న మెత్తని అల్యూమినియం లేదా రాగి రేకు తీసుకోండి. సాధన చేయడానికైతే బిర్యానీ పార్సిల్ వచ్చే అల్యూమినియం డబ్బా అడుగు భాగం బ్రహ్మాండంగా పనికొస్తుంది. కూల్ డ్రింక్ క్యాన్ రేకు వద్దు, అది గట్టిది, అంచులు బ్లేడులా కోస్తాయి.

ఇందాక వద్దన్న స్టేజాన్ ఇంకు ఇక్కడ కావాలి. దానితో రేకు మీద ముద్ర వేసి ఆరనివ్వండి. రేకును మౌస్ ప్యాడ్ మీద పెట్టి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో గీతల వెంట నొక్కుతూ గీయండి. తిప్పి చూస్తే ఆ గీతలన్నీ ఉబ్బి ఉంటాయి, అదే మీ ముందు వైపు. స్టాంపులో అక్షరాలుంటే ఇక్కడ తిరగబడతాయి, ముగ్గుకి ఆ చిక్కు లేదు. ఉబ్బిన గీతల పక్కనే, ముందు వైపు నుంచి ఇంకోసారి తేలిగ్గా గీస్తే బొమ్మ ఇంకా తేటగా కనిపిస్తుంది. వెనక గుంటల్లో ఎం-సీల్ నింపి ఆరనిస్తే వేలితో నొక్కినా చదును కాదు. చివరగా నల్ల బూట్ పాలిష్ పూసి వెంటనే తుడిచేయండి. గుంటల్లో నలుపు నిలిచి, పాత ఇత్తడి పళ్ళెం మీది పనిలా కనిపిస్తుంది. దాన్ని మూత మీద ఆరల్డైట్‌తో అంటించి, పైన పుస్తకం బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయండి.

నింపే ముందు

ముద్ర మూత పైన మాత్రమే ఉండాలి. తినే పదార్థం తగిలే లోపలి వైపు పౌడర్, పెయింటు, బూట్ పాలిష్ ఏదీ ఉండకూడదు. వేడి చేసిన వాసన పోయేదాకా డబ్బాను ఒక రోజు తెరిచి ఉంచండి, తర్వాత తడి గుడ్డతో తుడిచి, ఆరాక బటర్ పేపర్ పరవండి. సున్నుండల్లాంటి నెయ్యి కారే స్వీట్లకి రెండు పొరలు వేయండి. వేడి వేడి కజ్జికాయలు నేరుగా నింపొద్దు. ఆవిరికి మూత లోపల చెమ్మ పడుతుంది, అంచుల దగ్గర తుప్పు అక్కడే మొదలవుతుంది.

ఒక చిన్న చీటీ రాసి మూత లోపల పెట్టండి: పొయ్యి పక్కన పెట్టకండి, వేడికి ముగ్గు మళ్ళీ మెత్తబడుతుంది, పీచుతో తోమకండి, తడి గుడ్డతో తుడిస్తే చాలు.